పీటర్ ఆర్టెడీ

పీటర్ ఆర్టెడీ (1705 - సెప్టెంబర్ 28, 1735) స్వీడన్ దేశానికి చెందిన ప్రకృతి శాస్త్రవేత్త. ఈయనను మత్స్యశాస్త్ర పితామహునిగా పేర్కొంటారు. చేపల వర్గీకరణలో చాలాకాలం వాడుకలో ఉన్న మాలకాప్టెరిజీ (మెత్తని వాజాల చేపలు), నేటికీ వాడుకలో ఉన్న అకాంథాప్టెరిజీ (ముళ్ళ వాజాల చేపలు) అనే పదాలు ఈయన వర్గీకరణ ద్వారానే శాస్త్రంలో స్థిరపడ్డాయి. సుప్రసిద్ధ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్‌కు ఈయన సహాధ్యాయి, ఆప్తమిత్రుడు. ముప్పది ఏళ్ళ వయసులో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో కాలువలో పడి మరణించాడు. జీవించి ఉండగా ఈయన గ్రంథమేదీ అచ్చు కాలేదు. మరణానంతరం మిత్రుడు లిన్నేయస్ 1738లో ప్రచురించిన ఇక్తియోలాజియా అనే గ్రంథమే ఈయన కీర్తికి ఆధారం.

బాల్యము, విద్యాభ్యాసము

ఆర్టెడీ 1705 ఫిబ్రవరి నెలలో (అప్పటి స్వీడన్ పంచాంగం ప్రకారం) ఉత్తర స్వీడన్‌లోని ఓంగర్మాన్‌లాండ్ ప్రాంతంలో అనుండ్‌షో అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి ఓలోఫ్ ఆర్క్టీడియస్ క్రైస్తవ మతాచార్యుడు. ఆర్క్టీడియస్ అనే ఇంటిపేరునే పీటర్ తరువాతి కాలంలో ఆర్టెడీ అని కుదించుకున్నాడు. 1716లో తండ్రికి నూర్డ్‌మాలింగ్ చర్చిలో పదవి లభించడంతో కుటుంబం అక్కడికి తరలి వెళ్ళింది. నూర్డ్‌మాలింగ్ సముద్రతీర గ్రామం. చేపల వేట ఆ ప్రాంత ప్రజల జీవనాధారాలలో ఒకటి. బాలుడైన పీటర్‌కు చేపలపై ఆసక్తి చిన్ననాటనే కలిగింది.

హర్నోసాండ్ పాఠశాలలో చదువు ముగించి 1724లో ఉప్సలా విశ్వవిద్యాలయంలో చేరాడు. కుమారుడు తనవలెనే మతాచార్యుడు కావాలని తండ్రి కోరిక. కాని ఆర్టెడీ మనసు వేదాంత విద్యపై నిలవలేదు. వైద్యము, రసాయన విద్య, ప్రకృతి శాస్త్రం వైపు మళ్ళింది. ఆ రోజులలో ఉప్సలాలో వైద్యశాస్త్రానికి లార్స్ రోబెర్గ్, ఓలోఫ్ రుడ్‌బెక్ (చిన్నవాడు) అనే ఇద్దరు వృద్ధ ఆచార్యులు ఉండేవారు. జంతుశాస్త్రంలో బోధన చాలా తక్కువ. అందువలన ఆర్టెడీ చాలావరకు స్వయంకృషితోనే నేర్చుకోవలసి వచ్చింది. గ్రీకు, లాటిన్ భాషలు బాగా అభ్యసించి, చేపల గురించి ప్రాచీనులు వ్రాసిన గ్రంథాలన్నింటినీ చదివి, వారు చెప్పినదానిని తన చేతిలోని చేపతో పోల్చి చూసుకునేవాడు.

లిన్నేయస్‌తో స్నేహము

1728లో లిన్నేయస్ లుండ్ నుండి ఉప్సలాకు వచ్చాడు. ప్రకృతి శాస్త్రంలో ఇక్కడ అందరికంటె మిన్న ఎవరని విచారించగా, అడిగిన ప్రతివారూ ఆర్టెడీ పేరే చెప్పారు. ఆ సమయంలో ఆర్టెడీ ఉప్సలాలో లేడు. తండ్రి మరణశయ్యపై ఉండుటచే స్వగ్రామానికి వెళ్ళి ఉన్నాడు. తిరిగి వచ్చిన తరువాత లిన్నేయస్ వెళ్ళి కలుసుకున్నాడు. దుఃఖంతో పాలిపోయి ఉన్న ఆర్టెడీతో మొదటి సంభాషణే మొక్కలు, రాళ్ళు, జంతువుల మీదికి మళ్ళింది. ఆనాటి నుండి ఇరువురూ విడదీయరాని మిత్రులైనారు.

ఇద్దరి స్వభావాలూ భిన్నమైనవి. ఆర్టెడీ పొడగరి, గంభీరుడు, నిదానస్తుడు. ఏ విషయాన్నైనా పూర్తిగా పరిశీలించిన తరువాతనే నిర్ణయానికి వచ్చేవాడు. లిన్నేయస్ పొట్టివాడు, చురుకైనవాడు, త్వరపడే స్వభావం గలవాడు. ఇద్దరూ ఒకే రంగంలో పోటీ పడకుండా సృష్టిని పంచుకున్నారు. చేపలు, ఉభయచరాలు, సరీసృపాలు ఆర్టెడీ వంతు. పక్షులు, కీటకాలు లిన్నేయస్ వంతు. మొక్కలలో అధికభాగం లిన్నేయస్ తీసుకోగా, గొడుగు ఆకారపు పూలగుత్తులు గల మొక్కల కుటుంబాన్ని ఆర్టెడీ తీసుకున్నాడు. మన వంటింటిలోని ధనియాలు, జీలకర్ర, వాము, సోపు ఈ కుటుంబానికి చెందినవే. పూలగుత్తి అడుగున ఉండే పత్రకాల ఆధారంగా ఈ మొక్కలను విభజించవచ్చునని ఆర్టెడీ గుర్తించాడు. లిన్నేయస్ ఆ పద్ధతిని తన గ్రంథాలలో స్వీకరించాడు. ఖనిజాలు, చతుష్పాద జంతువుల విషయంలో ఇద్దరూ కలిసి పనిచేశారు.

1732లో లిన్నేయస్ లాప్‌లాండ్ యాత్రకు బయలుదేరే ముందు మిత్రులిద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. తమలో ఎవరు ముందుగా మరణించినా, జీవించి ఉన్నవాడు రెండవవాని వ్రాతప్రతులను స్వీకరించి వాటిని ప్రచురించాలి. లాప్‌లాండ్ దారులు ప్రమాదకరమైనవి కనుక అపాయమేదైనా వస్తే అది లిన్నేయస్‌కే వచ్చునని అప్పటికి అనిపించి ఉండాలి. కాని మూడేళ్ళకు జరిగినది వేరు.

విదేశ యాత్ర

1734లో ఆర్టెడీ ఇంగ్లండుకు ప్రయాణమైనాడు. లండన్‌లో సర్ హాన్స్ స్లోన్ సేకరణాలయాన్ని చూసే అవకాశం లభించింది. స్లోన్ సేకరించిన వస్తువులే తరువాత బ్రిటిష్ మ్యూజియమునకు పునాది అయినాయి. స్వీడన్‌లో దొరకని అనేక చేపలను ఆర్టెడీ ఇక్కడ పరిశీలించాడు.

1735 వేసవిలో లండన్ నుండి నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరానికి వచ్చాడు. వైద్యంలో డాక్టరు పట్టం పొందడం ఆయన ఉద్దేశం. అయితే చేతిలో సొమ్ము అయిపోయింది. అదే సమయంలో లిన్నేయస్ కూడా నెదర్లాండ్స్‌లోనే ఉన్నాడు. హార్డర్‌వైక్ విశ్వవిద్యాలయంలో పట్టం పొంది, తన సిస్టమా నాచురే గ్రంథాన్ని లైడెన్‌లో అచ్చు వేయించే ప్రయత్నంలో ఉన్నాడు. మిత్రులు జూలై నెలలో అనుకోకుండా కలుసుకున్నారు. ఆర్టెడీ ఇబ్బందిని గమనించిన లిన్నేయస్ ఆయనను ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆల్బర్టస్ సేబాకు పరిచయం చేశాడు.

సేబా సంపన్నుడైన ఔషధ వ్యాపారి. దూరదేశాల నుండి ఓడలలో వచ్చే వింత జంతువులను కొని సీసాలలో భద్రపరిచేవాడు. అంతకుముందు తన మొదటి సేకరణను రష్యా చక్రవర్తి మహా పీటర్‌కు విక్రయించి, తిరిగి మరొక సేకరణను సమకూర్చుకున్నాడు. దానిని చిత్రాలతో వర్ణించే బృహద్గ్రంథంలో మూడవ సంపుటానికి చేపల వర్ణనలు వ్రాసేవాడు కావలసి ఉన్నది. ఆ పనికి ఆర్టెడీ తగినవాడు. ఆయనకు జీవనోపాధి, సేబాకు పండితుడు లభించినందున ఈ ఏర్పాటు ఇద్దరికీ అనుకూలించింది. ఆర్టెడీ వర్ణనలలో చాలాభాగం పూర్తిచేశాడు. ఆ సంపుటం సేబా మరణించిన (1736) చాలా ఏళ్ళకు గాని వెలువడలేదు.

మరణము

ఆర్టెడీ తన ఫిలాసఫియా ఇక్తియోలాజికా వ్రాతప్రతిని ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒకనాడు లిన్నేయస్‌కు చూపించి, ప్రతి అంశాన్నీ వివరిస్తూ చాలాసేపు కూర్చోబెట్టాడు. తన పనుల తొందరలో ఉన్న లిన్నేయస్‌కు విసుగు కలిగింది. అదే చివరి సమావేశమని తెలిసి ఉంటే ఇంకా ఎక్కువసేపు వినాలని కోరుకొని ఉండేవాడినని ఆయన తరువాత పశ్చాత్తాపంతో వ్రాసుకున్నాడు.

1735 సెప్టెంబర్ 27 సాయంత్రం సేబా ఇంట విందు జరిగింది. ఆర్టెడీ చాలా రాత్రి వరకు అక్కడే ఉండి, అర్ధరాత్రి దాటిన తరువాత తన బసకు బయలుదేరాడు. ఆమ్‌స్టర్‌డామ్ వీధుల వెంట కాలువలు సాగుతాయి. చీకటిలో, పరిచయం లేని నగరంలో ఆయన కాలువలో పడి మునిగిపోయాడు. మరునాడు శవం లభించింది. అక్టోబర్ 2న సెయింట్ ఆంథొనీ శ్మశానంలో పేదలకు జరిగే రీతిలో ఖననం చేశారు. జీవితమంతా జలచరాలను అధ్యయనం చేసినవాడు నీటిలోనే ప్రాణం విడిచాడని తరువాతి రచయితలు తరచుగా ప్రస్తావించారు.

ఈ మరణం ప్రమాదవశాత్తు సంభవించినదేనని చరిత్రకారులు భావిస్తారు. అమెరికన్ మత్స్యశాస్త్రవేత్త థియోడర్ పీట్ష్ 2010లో వెలువరించిన నవలలో లిన్నేయస్‌పై అనుమానం కలిగేలా కథ నడిపించాడు. అది కల్పిత రచన మాత్రమే.

వ్రాతప్రతుల రక్షణ

వార్త తెలియగానే లిన్నేయస్ ఆమ్‌స్టర్‌డామ్‌కు వచ్చాడు. ఆర్టెడీకి బస ఇచ్చిన ఇంటి యజమాని తనకు రావలసిన బాకీ తీరేవరకు వ్రాతప్రతులతో సహా ఏ వస్తువునూ ఇవ్వనని పట్టుపట్టాడు. బాకీ రెండు వందల గిల్డర్లకు పైబడి ఉన్నది. ఖనన ఖర్చులకు సేబా యాభై గిల్డర్లు ఇచ్చాడు గాని, బాకీ తీర్చడానికి అంగీకరించలేదు. లిన్నేయస్ వద్ద అంత ధనం లేదు. వస్తువులు వేలానికి పోతే వ్రాతప్రతులు చిత్తుకాగితాలుగా చెల్లాచెదరయ్యే ప్రమాదం ఏర్పడింది.

లిన్నేయస్ అప్పుడే జార్జ్ క్లిఫర్డ్ అనే ధనికుని వద్ద ఉద్యోగంలో చేరి ఉన్నాడు. హార్టెకాంప్‌లోని క్లిఫర్డ్ ఉద్యానవనం ఆ కాలంలో ప్రసిద్ధమైనది. లిన్నేయస్ కోరిక మేరకు క్లిఫర్డ్ ఆ బాకీ చెల్లించి, వ్రాతప్రతులను విడిపించి లిన్నేయస్‌కు ఇచ్చాడు. వాటిని సరిచూసి, ఆర్టెడీ జీవితచరిత్రను ముందుమాటగా చేర్చి, 1738లో లైడెన్ నగరంలో లిన్నేయస్ ప్రచురించాడు. ఆ విధంగా 1732 నాటి ఒప్పందం నెరవేరినది. ఆర్టెడీ జీవితం గురించి నేడు తెలిసినదానిలో అధికభాగం ఆ ముందుమాట నుండే లభించినది.

ఇక్తియోలాజియా గ్రంథము

లాటిన్ భాషలోని ఈ గ్రంథంలో ఐదు భాగాలు ఉన్నాయి.

1. బిబ్లియోథికా ఇక్తియోలాజికా: ప్రాచీన కాలం నుండి చేపల గురించి వ్రాసిన గ్రంథకర్తల చరిత్ర.
2. ఫిలాసఫియా ఇక్తియోలాజికా: చేప శరీర భాగాలకు నిర్వచనాలు, వర్ణనకు, నామకరణానికి నియమాలు.
3. జెనెరా పిసియం: ప్రజాతులు, వాటి లక్షణాలు.
4. సినానిమియా: ఒకే చేపకు వేర్వేరు రచయితలు పెట్టిన పేర్ల పట్టిక.
5. డిస్క్రిప్షనెస్: 72 జాతుల సవివర వర్ణనలు.

ఆర్టెడీకి పూర్వం చేపల వర్ణనలలో రుచి, ఔషధ గుణాలు, కట్టుకథలు కలిసి ఉండేవి. 1686లో వెలువడిన విల్లగ్బీ, జాన్ రే గ్రంథం ఈ స్థితిని చాలావరకు మార్చింది. ఆర్టెడీ ఆ మార్గంలో మరింత ముందుకు వెళ్ళాడు. వాజాలలోని కిరణాలు, వెన్నుపూసలు, మొప్పల పొర కిరణాలు మొదలైనవాటిని లెక్కించి వ్రాశాడు. శరీర భాగాల కొలతలు ఇచ్చాడు. జాతికి, ప్రజాతికి గల భేదాన్ని స్పష్టం చేశాడు. చేపను గుర్తించడానికి నేటికీ శాస్త్రవేత్తలు మొదట చేసే పని వాజకిరణాలను, పొలుసులను లెక్కించడమే.

మాలకాప్టెరిజీ - పదము, అర్థము

ఆర్టెడీ చేపలను ఐదు క్రమాలుగా విభజించాడు. ఈ పేర్లన్నీ గ్రీకు మూలాల నుండి నిర్మించినవి.

మాలకాప్టెరిజీ: గ్రీకు భాషలో మాలకోస్ అనగా మెత్తనిది. ప్టెరిక్స్ అనగా రెక్క. దీని నుండి వచ్చిన ప్టెరిజియాన్ (చిన్న రెక్క) అనే పదాన్ని అరిస్టాటిల్ చేప వాజానికి వాడాడు. కనుక ఈ పేరుకు మెత్తని వాజాలు గలవి అని అర్థం. ఎముకల చేపలలో వాజకిరణాలు మెత్తగా, వంగేవిగా ఉన్నవాటిని ఈ క్రమంలో చేర్చాడు. కార్పులు, హెర్రింగులు, సాల్మన్లు, కాడ్ చేపలు, పాముచేపలు, నాలుక చేపల వంటి చదునైన చేపలు ఇందులోనివి.

అకాంథాప్టెరిజీ: అకాంథా అనగా ముల్లు. వాజాలలో కొన్ని కిరణాలు గట్టి ముళ్ళుగా మారిన చేపలు. పెర్చ్, ముల్లెట్, మాకెరెల్ మొదలైనవి.

బ్రాంకియోస్టెగై: మొప్పలు కప్పబడినవి అని అర్థం. పెట్టెచేప, ట్రిగ్గర్ చేప వంటివి.

కాండ్రాప్టెరిజీ: కాండ్రోస్ అనగా మృదులాస్థి. సొరచేపలు, టేకు చేపలు, స్టర్జియన్లు ఇందులో ఉన్నాయి.

ప్లాగియూరై: అడ్డముగా ఉన్న తోక గలవి. తిమింగలాలు, డాల్ఫిన్లు. ఆనాటి సంప్రదాయం ప్రకారం ఆర్టెడీ వీటిని చేపలలోనే చేర్చాడు. 1758లో లిన్నేయస్ వీటిని క్షీరదాలలోకి మార్చాడు.

మెత్తని కిరణానికి, ముల్లుకు గల భేదం కేవలం స్పర్శకు సంబంధించినది కాదు. మెత్తని కిరణం చిన్న చిన్న ఖండాలతో ఏర్పడుతుంది, కుడి ఎడమ అర్ధభాగాలు జతగా ఉంటాయి, సాధారణంగా కొనవద్ద చీలి ఉంటుంది. నిజమైన ముల్లు ఖండాలు లేని ఒకే గట్టి ఎముక. బంగారుతీగ వీపు వాజం మొదట ఉండే రంపపు అంచు గల ముల్లు, జెల్ల చేప ముళ్ళు నిజానికి గట్టిపడిన మెత్తని కిరణాలే. అందువలన ఆ చేపలు ముళ్ళతో గుచ్చినా మెత్తని వాజాల వర్గంలోనే చేరాయి.

పదము యొక్క తరువాతి చరిత్ర

లిన్నేయస్ 1735 నాటి సిస్టమా నాచురేలో చేపల విభాగాన్ని ఆర్టెడీ వర్గీకరణ ప్రకారమే ఇచ్చి, ఆ విషయాన్ని గ్రంథంలో తెలియజేశాడు. కాని 1758 నాటి పదవ కూర్పులో ఆ పద్ధతిని విడిచి, కటి వాజాలు ఉన్న స్థానాన్ని బట్టి ఎముకల చేపలను నాలుగు క్రమాలు చేశాడు. దీనితో మాలకాప్టెరిజీ అనే మాట కొంతకాలం వెనుకబడింది.

1817లో ఫ్రెంచి శాస్త్రవేత్త జార్జ్ క్యువియే తన జంతుశాస్త్ర గ్రంథంలో ఆర్టెడీ విభజనను పునరుద్ధరించాడు. మెత్తని వాజాల చేపలను కటి వాజాలు పొట్టవద్ద ఉన్నవి, భుజ వాజాల క్రింద ఉన్నవి, అసలు లేనివి అని మూడు భాగాలు చేశాడు. అనగా ఆర్టెడీ, లిన్నేయస్ ఇద్దరి పద్ధతులనూ కలిపాడు. 1840వ దశకంలో జర్మన్ శాస్త్రవేత్త జొహన్నెస్ ముల్లర్ వాయుకోశానికి, ఆహారనాళానికి మధ్య గొట్టం ఉన్నదా లేదా అనే అంశాన్ని ప్రధానంగా తీసుకొనడంతో మాలకాప్టెరిజీ ముక్కలైనది. 20వ శతాబ్దం ఆరంభంలో జార్జ్ బౌలెంజర్ ఈ పేరును పరిమితమైన అర్థంలో హెర్రింగ్, సాల్మన్ వంటి చేపలకు వాడాడు. తరువాత ఇది వాడుక నుండి తప్పుకున్నది.

దీనికి కారణం ఉన్నది. మెత్తని వాజాలు చేపలలో ప్రాచీన లక్షణం. ప్రాచీన లక్షణం మిగిలి ఉన్నంతమాత్రాన రెండు చేపలు దగ్గరి బంధువులు కావు. పాముచేప, కార్పు, సాల్మన్ వేర్వేరు శాఖలవి. చదునైన చేపలు ముళ్ళ వాజాల చేపల సంతతిలోనివి. ముళ్ళు మాత్రం తరువాత ఏర్పడిన లక్షణం కనుక అకాంథాప్టెరిజీ అనే పేరు ఆధునిక వర్గీకరణలో నిలిచినది.

తెలుగు ప్రాంతపు చేపలు

18వ శతాబ్దం చివర విశాఖపట్నంలో నివసించిన పాట్రిక్ రస్సెల్ ఆ తీరంలోని రెండు వందల చేపలను చిత్రాలతో వర్ణించి, వాటి తెలుగు పేర్లను కూడా చేర్చి 1803లో లండన్‌లో ప్రచురించాడు. ఆయన వ్రాసిన పొలస చేప ఆధారంగా క్యువియే 1829లో క్లూపియా పాలసా అనే పేరు పెట్టాడు. ఇందులో మొదటి మాటయైన క్లూపియా ఆర్టెడీ గ్రంథంలోని ప్రజాతి నామం, రెండవది తెలుగు మాట. గోదావరిలో ప్రసిద్ధమైన పులస ఈ చేపయే. ప్రస్తుతం దాని శాస్త్రీయ నామం టెన్యులోసా ఇలిషా.

పులస, శీలావతి, బొచ్చె, ఎర్రమోసు, వాలుగ పాత లెక్కలో మెత్తని వాజాల చేపలు. పండుగప్ప, వంజరం ముళ్ళ వాజాలవి. కొరమీను వాజాలలో ముళ్ళు ఉండవు. అయినను ఇతర లక్షణాలను బట్టి నేటి శాస్త్రవేత్తలు దానిని ముళ్ళ వాజాల చేపల సమూహంలోనే ఉంచుతారు. వాజం ఒక్కటే చూసి చేప వంశాన్ని నిర్ణయించడం సాధ్యం కాదనుటకు ఇది చక్కని ఉదాహరణ.

గుర్తింపు

జంతువుల శాస్త్రీయ నామాలకు 1758 నాటి సిస్టమా నాచురేను ప్రారంభంగా అంతర్జాతీయ నియమావళి నిర్ణయించింది. అంతకు ముందరి పేర్లకు చట్టబద్ధత లేదు. ఈ కారణంగా క్లూపియా, సిప్రినస్, గాడస్, సాల్మో, పెర్కా వంటి ప్రజాతులు 1738 నాటి ఆర్టెడీ గ్రంథంలో ఉన్నప్పటికీ, వాటి ప్రక్కన లిన్నేయస్ పేరే వ్రాస్తారు. చేపల విషయంలో లిన్నేయస్ ఎక్కువగా ఆర్టెడీ వర్ణనలపైననే ఆధారపడ్డాడు. మిత్రుని గ్రంథాన్ని నాశనం కాకుండా కాపాడినవాడూ, ఆ మిత్రుని పేరుకు బదులు పట్టికలలో నిలిచినవాడూ ఒకరే కావడం విచిత్రం.

జర్మన్ వైద్యుడు వాల్‌బామ్ 18వ శతాబ్దం చివర ఆర్టెడీ గ్రంథాన్ని కొత్త విషయాలతో పునర్ముద్రించాడు. క్యువియే 1828లో ప్రారంభించిన చేపల చరిత్రలో ఆర్టెడీ కృషిని ఎంతగానో ప్రశంసించాడు. 1905లో ద్విశత జయంతి సందర్భంగా ఐనార్ లోన్‌బెర్గ్ ఈయన జీవితచరిత్రను వెలువరించాడు.

గొడుగు పూల కుటుంబంలోని ఒక మొక్కల ప్రజాతికి లిన్నేయస్ తన మిత్రుని జ్ఞాపకార్థం ఆర్టెడియా అని పేరు పెట్టాడు. ఇది తూర్పు మధ్యధరా ప్రాంతంలో పెరుగుతుంది. ఉత్తర అమెరికా సరస్సులలోని సిస్కో అనే చేపకు 1818లో లెసూర్ కొరెగోనస్ ఆర్టెడి అని నామకరణం చేశాడు. పసిఫిక్ తీరంలోని కొన్ని చిన్న చేపల ప్రజాతికి 1856లో షార్ల్ జిరార్ ఆర్టెడియస్ అని పేరు పెట్టాడు. ఆర్టెడియస్ చేపల వాజాలలో ముళ్ళు ఉన్నాయి, సిస్కో వాజాలు మెత్తనివి. ఆర్టెడీ విభజించిన రెండు వర్గాలలోనూ ఆయన పేరు గల చేప ఉన్నది.